మేనమామ కారుకు బిగించిన తెర

మా పెద్ద మేనకోడలి పెళ్లికి నేను ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరాను. ఇరవై నిమిషాలే. ఆ ఇరవై మా బంధువుల నోళ్లలో పడి మొదట అరగంటయింది, తర్వాత గంటయింది. పోయిన దసరాకు ఎవరో "ఆయప్ప అన్నాలు తినేటప్పుడు గదా వచ్చింది" అన్నారని నా భార్య వచ్చి చెప్పింది. అది అబద్ధం. నేను చేరేటప్పటికి తాళి కట్టలేదు, జీలకర్ర బెల్లం కూడా పెట్టలేదు. అయిపోయింది గంప మోయడం ఒక్కటే.

కానీ మా వైపు పెళ్లిలో మేనమామకు ఉన్న పనే అది. వెదురు గంపలో వడ్లు పోసి, వాటిమీద పెళ్లికూతురిని కూర్చోబెట్టి, మేనమామలు చెరో పక్క పట్టుకుని మండపంలోకి మోసుకుపోతారు. మా అక్కకు నేను ఒక్కడినే తమ్ముణ్ని. కాబట్టి ఒక పక్క నేను, రెండో పక్క మా బావ చిన్నాన్న కొడుకు పట్టుకోవాలని ముందే మాట్లాడుకున్నారు. ఆ చిన్నాన్న కొడుకు ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కుతాడు. బలమైన మనిషి. నేను రాకపోయేసరికి నా చోట ఎవరిని నిలబెట్టారో తెలుసా? వంటాయన్ని. సాంబారు గరిటె పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, నా మేనకోడలి గంప పట్టుకున్నాడు. ఫొటోలో ఆయన భుజం మీద చేతులు తుడుచుకునే గుడ్డ కూడా అట్లే ఉంది. ఆ ఫొటో పెద్దదిగా చేయించి మా అక్క ఇంట్లో హాల్లో తగిలించారు.

ఆలస్యానికి కారణం ఎవరో నేను ఆ రోజే చెప్పాను. ఎవరూ వినలేదు కాబట్టి మళ్లీ చెప్తున్నాను. కారణం మా బావ. మా వైపు పెళ్లి మగపిల్లవాడి ఊళ్లో చేస్తారు. ఆ ఊరు చాగలమర్రి దాటాక లోపలికి పోవాలి, నాకు కొత్త. ఫోనులో మ్యాపు పెట్టుకుని నంద్యాల నుంచి సరిగ్గానే బయల్దేరాను. ఆళ్లగడ్డ దాటినప్పటి నుంచి మా బావ ఫోన్ మీద ఫోన్. ఫోన్ వచ్చిన ప్రతిసారీ మ్యాపు పోయి తెర మీద ఆయన పేరు వస్తుంది. పదకొండు సార్లు చేశాడు. పదకొండు సార్లూ ఒకటే మాట, "యాడున్నావ్?" చాగలమర్రి దగ్గర పక్కరోడ్డులోకి దిగాల్సిన చోట తొమ్మిదో ఫోన్ వచ్చింది. "వస్తాండా బావా, పెట్టేయ్" అని నేను అంటూ ఉండగానే ఆ మలుపు వెనక్కి పోయింది. మళ్లీ తిరగడానికి చోటు దొరికేసరికి కడప జిల్లాలో ఉన్నాను.

ఎవరినైనా అడగవచ్చు కదా అని ఇప్పటికీ అంటారు. అడిగాను. సోడా బండి దగ్గర ఒకాయన "నేరుగా పో" అన్నాడు. రోడ్డు అక్కడే రెండుగా చీలింది. రెండూ నేరుగానే ఉన్నాయి.

ఆ రోజు బంతిలో అన్నం తింటూ ఉంటే మా అక్క ఒక చిన్న రాగిరేకు తెచ్చి నా ఆకు పక్కన పెట్టింది. అహోబిలం పోయినప్పుడు కొనుక్కున్నదట, మీద యంత్రం గీసి ఉంది. "కార్లో ముందర పెట్టుకోరా, ఇంగ దోవ తప్పవు" అంది. బంతి మొత్తం నవ్వింది. వడ్డించేవాళ్లు కూడా నవ్వారు. నేను ఆ రేకును కారులో నా కళ్లెదురుగా అంటించాను. భక్తితో కాదు. ఆ నవ్వు మర్చిపోకూడదని.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మొన్న మాఘమాసంలో చిన్న మేనకోడలి పెళ్లి కుదిరింది.

శుభలేఖ ఇవ్వడానికి మా బావ పాణ్యం నుంచి నంద్యాల వచ్చాడు. ఈసారి పెళ్లికొడుకు వాళ్లది ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో ఎడమకు చీలి, నల్లమల వైపు పోతే వచ్చే ఊరు. ముహూర్తం పొద్దున పదీ నలభైకి. పసుపు, కుంకుమ ఇచ్చి, కాఫీ తాగి, చెప్పులు వేసుకుంటూ మా బావ అన్నాడు.

"ముందురోజు సాయంత్రం మా బస్సు నంద్యాల మీద్నే పోతాది. మీరిద్దరూ ఎక్కేయండి."

"నేను కార్లో వస్తా బావా. గోదాములో ఆ రోజు సరుకు దిగుతాది, సాయంత్రం రాలేను. పొద్దున్నే వచ్చేస్తా."

ఆయన నా వైపు కాదు, నా భార్య వైపు చూశాడు. "ఏమ్మా, ఈ తూరి వంటాయనకు ముందే చెప్పి పెట్టుకోవాల్నా?"

నా భార్య నవ్వింది. అడ్డం తిరిగి ఒక మాట అనాల్సిన మనిషి నవ్వింది. ఆయన పోయాక అడిగితే, "నేను బస్సులోనే పోతా. నీ కార్లో కూర్చోని ఊరూరు తిరగడం నా వల్ల కాదు. నువ్వు ఆ పిల్ల గంప పట్టుకుంటే చాలు, ఎట్లన్నా రా" అంది.

ఎట్లన్నా రా అంటే? బస్సులో పోతే నేను గంప మోస్తాను, నిజమే. కానీ నన్ను తీసుకొచ్చి నిలబెట్టారు అంటారు. అది నాకు వద్దు. నా కారులో, నా అంతట నేను, వేళకు పోయి ఆ పిల్ల గంప పట్టుకోవాలి. ఆ రాత్రి నుంచి నాకు కుదురు లేదు. గోదాములో విత్తనాల సంచులు లెక్కపెడుతూ ఉంటే అంకె మర్చిపోయేవాణ్ని.

ఫోను మీద నాకు నమ్మకం పోయింది కాబట్టి కారుకే దారి చూపే తెర బిగించాలని నిర్ణయించుకున్నాను. నాది పాత తెల్ల కారు. అందులో ఉన్నది రెండు వేళ్ల ఎత్తు ఉండే పాటల డబ్బా, అది కూడా ఎడమ పక్కే పలుకుతుంది.

నంద్యాలలో కార్లకు సామాను బిగించే అంగళ్లు ఉన్నాయి. మొదటి అంగడి ఆయన నా మాట సగం విని, "ఫోను పెట్టుకునే స్టాండ్ తీసుకోండి సార్, సరిపోతుంది" అన్నాడు. నేను స్టాండ్ అడగలేదు. రెండో అంగట్లో ఒక కుర్రకారు బృందం ఉంది, వాళ్లకు డిక్కీ అదిరిపోయే స్పీకర్లు కావాలి. అంగడి ఆయన వాళ్లకు టీ తెప్పించాడు. నేను అరగంట నిలబడ్డాను, నాకు తెప్పించలేదు. చివరికి నా వైపు తిరిగి బయట ఉన్న నా కారును చూసి, "దీనికా?" అన్నాడు. ఆ అంగడి ముందు నుంచి ఇప్పుడు నేను నడిచి కూడా పోను. పక్క వీధిలో పోతాను.

మూడో అంగడి ఆత్మకూరు బస్టాండు వైపు. ఆయన కొంచెం ఓపికస్తుడు. అరచేతులు రెండూ పక్కపక్కన పెట్టినంత తెర చూపించి, పాటలు, సినిమాలు, రంగు లైట్లు అని చెప్పబోయాడు. నేను ఆపాను.

"ఫోన్ వస్తే మ్యాపు పోతుందా?"

"పోదు సార్, పక్కన చిన్నగా వస్తుంది."

"చూపించు."

నా ఫోను దానికి కలిపించి, అంగడి ఫోను నుంచి నాకు చేయించాను. మ్యాపు పోలేదు. మళ్లీ చేయించాను. పదకొండు సార్లు చేయించాను. పదకొండోసారి ఆయన నవ్వాడు కానీ చేశాడు.

"నల్లమల పక్క సిగ్నల్ ఉండదు. అప్పుడు?"

"మ్యాపు ముందే దించి పెడతాం సార్. నెట్ లేకున్నా నడుస్తుంది."

"నెట్ తీసేయ్. చూపించు."

ఇట్లా గంటకు పైగా పట్టింది. వెనుక వచ్చేది చూపించే కెమెరా ఉచితం అన్నాడు. నాకు వెనుక చూడటం వచ్చు, వద్దన్నాను. "ఉచితం సార్, వద్దంటారేంది" అని ఆయన నొచ్చుకున్నాడు. సరే పెట్టు అన్నాను. అప్పుడు అసలు సంగతి బయటపడింది. నా కారులో ఉన్న కంత చిన్నది, తెర పెద్దది. డాష్‌బోర్డు కొంచెం కోయాలన్నాడు. కోస్తే ఊరుకోనన్నాను. కోయకుండా పట్టాలంటే నా కారుకు సరిపోయే ఫ్రేము హైదరాబాదు నుంచి రావాలి, రెండు రోజులు. రెండు రోజులు అన్నది ఆరు రోజులు అయింది. మూడో రోజు నుంచి నేను రోజూ గోదాము నుంచి నేరుగా అంగడికి పోయి కుర్చీలో కూర్చున్నాను. అరవలేదు. ఊరికే కూర్చున్నాను. ఆరో రోజు ఫ్రేము వచ్చింది. పెళ్లికి ఇంకా పదకొండు రోజులు ఉన్నాయి.

బిగించిన మనిషి యాభై ఏళ్ల వాడు, కళ్లద్దాలకు దారం కట్టి మెడలో వేసుకుని ఉన్నాడు. మాట తక్కువ. రాగిరేకును ఊడదీసి జాగ్రత్తగా నా చేతికిచ్చి, డాష్‌బోర్డు ముక్క ముక్క విప్పాడు. నేను ఎండలో స్టూలు వేసుకుని పక్కనే కూర్చుని స్క్రూలు లెక్కపెట్టాను. తొమ్మిది విప్పాడు. తిరిగి ఎనిమిదే బిగించాడు.

"ఒకటి మిగిలింది" అన్నాను.

"అది పాత డబ్బాది అన్నా. ఇప్పుడు దాని పని లేదు."

"విప్పి చూపించు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. విప్పి చూపించాడు. నిజంగానే దాని పని లేదు. ఆ స్క్రూను నేను జేబులో వేసుకున్నాను. మిగిలినంత మాత్రాన అది వాళ్లది కాదు.

ఇంటికి రాగానే రాగిరేకును మళ్లీ అంటించాను. ఇదివరకు కొంచెం పక్కకు ఉండేది. ఈసారి సరిగ్గా మధ్యలో, తెర పైన, చదునుగా నిమిరి నిమిరి అంటించాను.

మరుసటి రోజు గోదాముకు పోతూ తెర వేశాను. నేను ఊరి నడుమ ఉన్నాను. తెర మీద నా కారు కుందూ నదిలో ఉంది. బాణం గుర్తు నీళ్లలో నిలబడి అట్లే తిరుగుతూ ఉంది. కాసేపటికి ఎగిరి రైలు పట్టాల మీద పడింది. సాయంత్రం తిరిగి వస్తుంటే కదలనే లేదు. నేను ఇంటికొచ్చి, బండి ఆపి, కాళ్లు కడుక్కున్నా అది గోదాములోనే ఉంది.

అంగడికి పోయాను. ఇళ్ల నడుమ ఒక్కోసారి అట్లే ఉంటుంది, బయట రోడ్డు మీద చూడండి అన్నారు. పాణ్యం దాకా పోయి చూశాను. అట్లే ఉంది. రెండోసారి పోయాను. ఏదో మార్చి, మళ్లీ వేసి, ఒక రోజు చూడండి అన్నారు. చూశాను. ఈసారి కుందూలో కాదు, చెరువులో ఉంది. మూడోసారి పోయినప్పుడు అంగట్లో ఉన్న కొత్త గిరాకీల ముందు గట్టిగానే అన్నాను. మోసం అన్నాను. ఫిర్యాదు చేస్తానన్నాను. అంగడి ఆయన ముఖం ఎర్రబడింది. బిగించిన మనిషి తాళాలు తీసుకుని పోయి కారులో కూర్చున్నాడు. నేనూ పోయి పక్కన కూర్చున్నాను.

ఆయన తెర వైపు చూడలేదు. దాని పైన రాగిరేకు వైపు చూస్తూ ఉన్నాడు.

"ఇది నేను తీసిన చోటనే అంటించినారా అన్నా?"

"ఆ చోటనే."

"యాంటెన్నా దీని కిందనే పెట్టినా నేను. ఆకాశం నుంచి వచ్చే సిగ్నల్ రాగి దాటుకొని రాదు. గొడుగు పట్టినట్టు పట్టింది." వేలితో రేకు అంచు కొంచెం లేపాడు. నిమిషం లోపల బాణం చెరువులోంచి లేచి, వీధులు దాటుకుంటూ వచ్చి, అంగడి ముందు నిలబడింది.

ఆ చోటనే అని నేను చెప్పింది నిజం కాదు. ఆయనకు తెలుసు. అంటించిన చోట కొత్త జిగురు, పక్కన పాత జిగురు మరక, రెండూ కనపడుతూనే ఉన్నాయి. ఆయన లోపలికి పోయి అంగడి ఆయనతో ఆ మాట చెప్పి ఉంటే, నేను మోసం అన్న గిరాకీల ముందే నా పరువు పోయేది. నేను ఆయన చోట ఉంటే చెప్పేవాణ్ని. కచ్చితంగా చెప్పేవాణ్ని.

"రేకు తీసేద్దామా?" అన్నాడు.

"తీయను."

దేవుడిది కాబట్టి అనుకున్నాడేమో, ఇంకేం అడగలేదు. మళ్లీ స్క్రూలన్నీ విప్పి యాంటెన్నా ఎడమ పక్క అద్దం మూలకు జరిపాడు. ఈసారి నేను లెక్కపెట్టలేదు. లోపలికి పోయి "యాంటెన్నా జరిపినా, సరిపోయింది" అని మాత్రం చెప్పాడు. ఆయనకు నేను థాంక్స్ చెప్పలేదు. చెబితే ఒప్పుకున్నట్టవుతుంది. కానీ ఒక్క సంగతి రాస్తున్నాను. నా మీద ఒక మాట పడాల్సి ఉండి పడకపోవడం నా జీవితంలో అరుదు, అది ఎప్పుడు జరిగిందో నాకు గుర్తుంటుంది.

పెళ్లి ముందురోజు సాయంత్రం నా భార్య బస్సెక్కి పోయింది. బస్సులోంచి మా బావ ఫోన్ చేశాడు.

"ఒక పని చేసి పెట్టప్పా. మా చిన్నాన్న కొడుకు ఆళ్లగడ్డలో ఉంటాడు గదా, వానికి ఈ రోజు ఒక విగ్రహం లారీకి ఎక్కించే పనుంది. రేపు పొద్దున నువ్వు వచ్చేటప్పుడు వాణ్ని ఎక్కించుకో. రెండో పక్క గంప పట్టేది వాడే."

నాకు అర్థమైంది. దారి తెలిసిన మనిషిని నా పక్కన కూర్చోబెడుతున్నాడు. వద్దనడానికి కారణం దొరకలేదు.

నిద్ర పట్టక రెండు సార్లు లేచి చక్రాల గాలి చూశాను. ఏడున్నరకే బయల్దేరాను. తెరలోంచి ఆడగొంతు తెలుగులోనే మాట్లాడింది. ఆళ్లగడ్డ దాకా చెప్పడానికేం లేదు, హైవే. అయినా ఆమె చెప్పిన ప్రతి మాటకూ బాణం కదలడం చూస్తూ పోయాను. ఆళ్లగడ్డలో రోడ్డు పక్క పెద్ద పెద్ద బండల మధ్య ఆ మనిషి నిలబడి ఉన్నాడు. తెల్ల పంచె కట్టాడు కానీ కనుబొమ్మల మీద రాతిపొడి ఇంకా ఉంది. రెండేళ్లుగా అతనితో నేను మాట్లాడలేదు. నా చోటు పోయిన రోజు గంప పట్టినవాళ్లలో అతనూ ఉన్నాడు. అది చాలు నాకు.

అతను కారెక్కేటప్పుడు ముందు తలుపు పట్టుకుని, నెమ్మదిగా, పక్కకు తిరిగి కూర్చున్నాడు.

"ఏం బావా, బాగుండావా?"

"ఊ."

"రెండు వందల మీటర్ల తర్వాత ఎడమవైపు తిరగండి" అంది తెర.

అతను తెర వైపు వంగి చూశాడు. "ఈమెది ఏ ఊరు బావా?"

"ఏ ఊరైతే ఏం, దోవ చెప్తాది."

"అహోబిలం రోడ్డులో పిన్న పిల్లోడు కూడా చెప్తాడు గదా దోవ."

అహోబిలం రోడ్డు మీద కొంత దూరం పోయాక, ఆమె ఎడమవైపు తిరగమంది. కాలువ గట్టు మీద పోయే దారి.

"వద్దు బావా, నేరుగా పో. పెద్ద రోడ్డులోనే ముందరికి పోయి తిరుక్కుందాం."

"ఇది దగ్గర దోవ. ఏడు నిమిషాలు కలిసొస్తాది, చూడు, రాసింది."

"ఆయమ్మ ఎప్పుడన్నా ఈడికి వచ్చిందా? ఇప్పుడు మొక్కజొన్న కాలం."

మొక్కజొన్నకూ దారికీ ఏం సంబంధం అనుకున్నాను. తిప్పాను. గట్టు మీద రెండు కిలోమీటర్లు పోయాక తెలిసింది. రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పసుపుగా మొక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి. అంచుల్లో రాళ్లు వరుసగా పెట్టారు. ఒక పెద్దామె పార పట్టుకుని గింజలు తిరగేస్తూ ఉంది.

హారన్ కొట్టాను. ఆమె పార నిలబెట్టి నా వైపు చూసింది.

"కండ్లు లేవా అప్పా? గింజలు కనపడ్డంలేదా?"

"ఇది రోడ్డు గదమ్మా!"

"రోడ్డే. నేనేమన్నా కాలువ అన్నానా? తొక్కినావంటే చూడు."

పక్కనుంచి అతను నవ్వు ఆపుకుంటున్నాడు. టైము తొమ్మిదీ పది. ఒక పక్క కాలువ, ఒక పక్క పొలం. తిప్పుకోవడానికి చోటు లేదు. రెండు కిలోమీటర్లు వెనక్కే పోవాలి. వెనక గేరు వేశాను. తెర మీద మ్యాపు పోయి వెనుక రోడ్డు కనపడింది, పక్కన గీతలతో సహా. నేను వద్దన్న కెమెరా. మెడ తిప్పకుండా, తెర చూసుకుంటూ, కాలువ అంచు దాటకుండా పోసాగాను.

"ఎనక్కి చూడకుండా ఎనక్కి పోతాండావే బావా!" అతను కిటికీ పట్టుకుని బిగుసుకుపోయాడు. ఒక గుంటలో చక్రం పడి కారు ఎగిరింది. అతను "అమ్మా" అని నడుం పట్టుకుని ముందుకు వంగిపోయాడు. ఆపాను.

"ఏమయింది?"

"ఏం లేదులే, పో."

"ఏమయిందప్పా?"

అతను కాలువ వైపు చూస్తూ చెప్పాడు.

"ఆ పొద్దు వంటాయన పొట్టోడు. గంప ఆయన పక్క కింద, నా పక్క పైన. ఆ పిల్ల బరువు, వడ్ల బరువు అంతా ఆయన పక్కకు జారుతాంది. జారకుండా నేను మెలి తిరిగి పట్టినా. ఆడనే నడుములో పట్టేసింది. రెండు నెల్లు సుత్తి ఎత్తలేదు. నంది చెక్కేది ఉండె, మూడడుగులది. నా చేతి నుంచి పోయింది. ఒకరన్నా ఏం రా, ఎట్లుండావ్ అని అడిగినారా? మా అన్న, మీ బావ, అడగలే. నువ్వు అడగలే. నువ్వు రాని దానికి గదా నాకు ఇట్లయింది."

"నాకెవరూ చెప్పలేదు" అన్నాను.

"చెప్తే అడిగేవానివా?"

నేను మళ్లీ వెనక గేరు వేశాను. రెండేళ్లు నేను ఎవరెవరు ఏమన్నారో మనసులో పెట్టుకుని తిరిగాను. అదే రెండేళ్లు ఆళ్లగడ్డలో ఒక మనిషి బండల మధ్య కూర్చుని నన్ను మనసులో పెట్టుకున్నాడు. అది వినడానికి బాగాలేదు. నా బాకీలో ఇంకొకరు వాటాకు వచ్చినట్టు చిరాకు కూడా పడ్డాను.

పెద్ద రోడ్డెక్కి అతను చెప్పిన దారిలోనే పోయాను. తెర కూడా ఇక వాదించకుండా అదే దారిని గీసుకుంది. పదీ పదికి కల్యాణ మండపం ముందు ఆగాము. మా బావ గేటు దగ్గరే గడియారం చూసుకుంటూ నిలబడి ఉన్నాడు.

"వచ్చినావా! వాడు పక్కన కూర్చుంటే గానీ నువ్వు రాలేవని నాకు తెలుసులే."

పదకొండు ఫోన్లు, ఆరు రోజుల ఫ్రేము, తొమ్మిది స్క్రూలు. అన్నీ ఆ ఒక్క మాటలో పోయాయి. జవాబు నాలుక మీదే ఉంది. కానీ లోపలి నుంచి "మేనమామలు యాడ?" అని పురోహితుడి కేక వినిపించింది.

గదిలో గంప సిద్ధంగా ఉంది. చిన్న మేనకోడలు వడ్ల మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, నన్ను చూసి బాసికం జారకుండా పట్టుకుని, "వచ్చినావా మామా!" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నేను వెతికాను, లేదు. నా భార్య వెనుక నిలబడి ఉంది. నా చొక్కా కాలరు సరిచేసింది.

అతను రెండో పక్కకు వచ్చి వంగబోయాడు. నేను గొంతు తగ్గించి చెప్పాను. "నువ్వు వద్దులే అప్పా. నీ నడుము బాగలేదు గదా. ఇంకెవురినన్నా పిలుద్దాం."

మంచికే అన్నాను. నా జీవితంలో ఇంత మంచిగా నేను ఎవరికీ చెప్పలేదు. అతను తలెత్తి నన్ను చూశాడు.

"అంటే? నేను పనికిరాననా? ఇంత దూరం వచ్చి, ఈ జనం ముందర, నన్ను పక్కకు పొమ్మంటాండావా?"

ఆ చూపు నాకు బాగా తెలుసు. అద్దంలో చూసుకునే చూపు. ఇంకేం చెప్పినా లాభం లేదని తెలిసి, "పట్టు" అన్నాను.

లేపాం. బరువు ఎక్కువే. నేను నా పక్కకు కొంచెం కిందికి వంచాను, బరువు నా మీదికి వస్తుందని. రెండు అడుగులు వేశాక అతనికి అది తెలిసిపోయింది. తన పక్కకు వంచుకున్నాడు. నేను మళ్లీ లాక్కున్నాను. అతను మళ్లీ లాక్కున్నాడు. గంప ఊయలలా ఊగింది.

"మామా! సక్కగా మోయండి, పడతా!" మేనకోడలు రెండు చేతులతో మా ఇద్దరి భుజాలూ పట్టుకుంది. వెనుక ఎవరో నవ్వారు. ఫొటో తీసేవాడు "సార్, ఇటు చూడండి" అన్నాడు. నేను చూడలేదు. కళ్లు పక్కకు తిప్పితే అతను లాక్కుంటాడు.

మండపం మెట్లు మూడు. మూడో మెట్టు మీద నా నడుములో కూడా ఏదో పట్టేసింది. పళ్లు బిగపట్టి పెళ్లికొడుకు ముందు పట్టిన అడ్డుతెర దాకా తీసుకుపోయి దించాం. వడ్లు కొన్ని చిందాయి. ఆ పిల్ల దిగి కూర్చుంది. అందరూ అక్షతలు పట్టుకుని ముందుకు వచ్చారు.

మేమిద్దరం ఖాళీ గంపకు అటొకరు ఇటొకరు నిలబడ్డాం. ఇద్దరికీ నడుం మీద చెయ్యి వేసుకుని వెనక్కి విరుచుకోవాలని ఉంది. అతని పెదవులు బిగుసుకుని ఉన్నాయి. నావీ అంతే. తాళి కట్టేదాకా ఇద్దరం నిటారుగా అట్లే నిలబడి ఉన్నాం, ముందు ఎవరు వంగుతారో చూద్దామని.